డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు - మా అక్కయ్య సోమవారం మాత్ర



ప్రత్యేక సంచికకు మన ప్రాంతంలో పుట్టిన ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు పురమాయించినప్పుడు నేను వెంటనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పాను. నాకు ఫైలు మీద నోటు వ్రాయడం వచ్చు గాని వ్యాసం వ్రాయడం అలవాటు లేదు. అయినా ఒప్పుకున్నాను. కారణం ఉంది. ఆయన చేతి మీదుగా వచ్చిన ఒక మందు విషయంలో నా చేతి మీదుగా ఒక పెద్ద పొరపాటు జరిగింది. మా కుటుంబంలో వారికి, ఆ రోజు వైద్యం చేసిన వారికి తప్ప ఇంతవరకు బయట చెప్పలేదు. నాకు డెబ్బై అయిదేళ్ళు వచ్చాయి. ఇంకా దాచుకుని ఏం చేసుకోను? ముందు ఆయన సంగతి వ్రాసి, తరువాత నా సంగతికి వస్తాను.

నేను 1972లో ఆరోగ్యశాఖలో గుమాస్తాగా చేరి 2008లో రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఏలూరులోను, నాలుగేళ్ళు తాడేపల్లిగూడెంలోను గడిచింది. మన వైపు బోదకాలు ఎంతగా ఉండేదో పాతవారికి చెప్పనవసరం లేదు. వీధికి ఒకరిద్దరైనా వాచిన కాలుతో అరుగు మీద కూర్చుని కనిపించేవారు. పెళ్ళిచూపులకు వచ్చినవారు పిల్ల పాదాల వంక దొంగచూపులు చూసేవారు. 1955లో దేశమంతటా ఫైలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. నేను చేరేనాటికి ఆ సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక సూదులు, గాజుపలకలు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ పురుగు పిల్లలు పగలంతా ఒంటి లోపల దాక్కుని రాత్రిపూట పై రక్తంలోకి వస్తాయి. అందుకని ఆ వేళ. నిద్ర చెడగొట్టారని జనం తిట్టేవారు. రక్తంలో పురుగు కనిపించినవారికి 12 రోజులు హెట్రజాన్ మాత్రలు ఇవ్వాలి. ఆ మాత్రల ఇండెంట్లు, స్టాకు రిజిస్టరు, నెలసరి నివేదికలు నా సీటులోనివే. హెట్రజాన్ అనే మాట ఎన్ని వేలసార్లు వ్రాశానో లెక్క లేదు. అది భీమవరంలో పుట్టిన మనిషి ప్రయోగశాలలోంచి వచ్చిన మందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవారు. జబ్బు చేసి తండ్రి ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది. మధ్యలో ఉద్యోగం పోయి ఇంటికి వచ్చిన తండ్రి ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో మన సంఘంలో తెలియనివారు లేరు. పదమూడేళ్ళ వయసులో ఈ పిల్లవాడు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, తల్లి పట్టి తెప్పించి మళ్ళీ బడికి పంపిందని చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మనవడికి మార్కులు తగ్గాయని ఇంట్లో అన్నం మానేసే తాతగార్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠం వైపు మొగ్గారు. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితుల సాయం, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయం ఆ చదువును నిలబెట్టాయి. 1919లో శేషగిరిగారితో వివాహమైంది. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకు వెళ్ళడం సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుగారికి కంటగింపైంది. మిగతా సబ్జెక్టులు బాగా చేసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ఒక్క అధికారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో వ్రాసిన ఒక్క వాక్యం మనిషి సర్వీసంతా వెంటాడినట్టు, ఆ పట్టా ఆయనను అమెరికా దాకా వెంటాడింది.

ఆ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. మన వైద్యులు సంగ్రహణి అనే జబ్బు ఇదే. తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండి పోతాడు. ఆయనకూ అది సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో తేరుకున్నారని చెబుతారు. లక్ష్మీపతిగారు మన తాడేపల్లిగూడెం పక్క మాధవరంలో పుట్టినవారు. మద్రాసులో ఆయన నడిపిన ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారు కొంతకాలం అనాటమీ పాఠాలు చెప్పారు.

తరువాత అమెరికా ప్రయాణం. మామగారు డబ్బు సమకూర్చారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. అప్పటికి భార్య గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. మూడేళ్ళలో వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనే లేదు. శేషగిరిగారు ఆ ఏళ్ళన్నీ ఎలా గడిపారో ఆలోచిస్తే నాకు ఆయన మీద గౌరవంతోపాటు కొంచెం కోపం కూడా వస్తుంది. జీవితచరిత్రలు వ్రాసేవారు ఇటువంటి చోట తొందరగా దాటిపోతారు.

అక్కడ ఎల్.ఎం.ఎస్. పట్టాతో వైద్యం చేసే వీలు లేదు. కడుపు నింపుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు చదువు. తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర జీవరసాయనశాస్త్రంలో చేరి, రక్తంలోను మూత్రంలోను ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఫిస్కే - సుబ్బారావు పద్ధతి అని పేరు. మన సంఘంలో లాబ్ టెక్నీషియన్లుగా చేసినవారు ఈ పేరు తప్పకుండా విని ఉంటారు. ఆ కొలత చేతికి వచ్చాక కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, తరువాత ఏ.టి.పి. అనే దానిని పట్టుకున్నారు. రెండోదాన్ని అదే సమయంలో జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా కనుగొన్నారు. బాంకులో ఎంత డబ్బున్నా బజారులో జేబులోని చిల్లరే ఖర్చు పెడతాం కదా, ఒంటికి ఏ.టి.పి. అటువంటి చిల్లర. 1930లో పి.హెచ్.డి. వచ్చింది. హార్వర్డ్ మాత్రం పర్మనెంటు పోస్టు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు.

మిగిలిన ఎనిమిదేళ్ళలో జరిగిన పని ఇంకొకరికి మూడు జన్మలకు సరిపోతుంది. కాలేయంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని వేరు చేసి, 1945లో ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. సోదరులను మింగిన స్ప్రూ జబ్బుకు అది మందు. గర్భిణులకు మన ఏ.ఎన్.ఎం.లు ఇంటింటికీ తెచ్చి ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండేదీ అదే. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్ కూడా 1948లో ఈయన విభాగం నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది పెద్దన్న.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడిన అమెరికా సిపాయిలకు బోదవ్యాధి తగులుకుంది. దానికి మందు వెతకమంటే లెడర్లీ బృందం అనేక రసాయనాలను ఎలుకల మీద పరీక్షించి హెట్రజాన్ దగ్గర ఆగింది. ప్యూర్టోరికోలో రోగులకిచ్చి చూసి 1947లో ఫలితాలు ప్రకటించారు. మన రాష్ట్రంలో 2004 నుంచి ఏడాదికి ఒకసారి ఊరందరికీ ఇచ్చిన డి.ఇ.సి. మాత్ర ఇదే.

ఇక్కడ ఒక్క మాట లోపలి మనిషిగా చెబుతాను. ఆ మాత్ర ఖాళీ కడుపున వేసుకోకూడదు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవారికి ఇవ్వకూడదు. పురుగులున్న వారికి అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి వస్తాయి, రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. అందుకే పంచేవారు ఎదురుగా నిలబడి, అన్నం తిన్నారా అని అడిగి, తమ కళ్ళముందు మింగించాలి. తొందరలో ఉన్నవారు మాత్రలు గడపలో పెట్టి రిజిస్టరులో టిక్కు కొట్టేవారు. నా బల్ల మీదకు వచ్చిన నివేదికలో పంపిణీ అంకె నిండుగా ఉండేది. మింగినవారి సంఖ్యకు ఆ ఫారంలో గడి లేకపోతే నేను అడిగేవాడిని కాదు. ఎవరికైనా జ్వరం వస్తే వ్రాసే చోట శూన్యం. జ్వరం రాక శూన్యమా, వ్రాస్తే మాట వస్తుందని శూన్యమా? అది కూడా నేను అడగలేదు. ఆ అంకెలు ఫెయిరు కాపీ చేసి పైకి పంపాను. నా దస్తూరి బాగుంటుందని మెచ్చుకున్నవారే గాని అంకె గురించి అడిగినవారు లేరు.

ఇప్పుడు అసలు మందు. ఫోలిక్ ఆమ్లం చేతికి వచ్చిన కొత్తలో బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు, లెడర్లీ ఇచ్చిన ఆ జాతి పదార్థాలను రక్తపు కాన్సరు ఉన్నవారికి ఇచ్చి చూశారు. మేలు జరగలేదు సరికదా, జబ్బు ఇంకా వేగంగా ముదిరినట్టు ఆయనకు తోచింది. చేసిన వైద్యం ఎదురు తిరిగిందని ఒప్పుకోవడం ఏ డాక్టరుకూ తేలిక కాదు. ఆయన దాన్ని కప్పిపుచ్చలేదు, అచ్చులో పెట్టారు. అది ఎరువు అయితే దానికి విరుగుడు జబ్బును ఎండగట్టాలి కదా అనే ఆలోచన అక్కడినుంచి వచ్చింది. అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పనిని అడ్డగించే పదార్థాలను సుబ్బారావుగారి బృందం తయారు చేసి ఇచ్చింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. దాన్ని 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ జబ్బు పేరు వింటే తల్లిదండ్రులు ఆశ వదులుకోవడమే. 1948 జూన్‌లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

రెండు నెలలకే, 1948 ఆగస్టు 8 రాత్రి, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పోయారు. 53 ఏళ్ళు. ఇక్కడ రిటైరుమెంటు వయసు కూడా రాలేదు. తన పేరు ముందు వేసుకోవడం, పత్రికల వాళ్ళను పిలిపించుకోవడం ఆయనకు తెలియదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది. ఒక బూజుజాతికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. అంతే.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. అదీ ఆ బృందం చేసినదే. కాన్సరుకు పెద్ద మోతాదులో వాడే ఆ మందును బాగా తగ్గించి వారానికి ఒక్కసారి ఇస్తే రుమటాయిడ్ కీళ్ళవాతం అదుపులో ఉంటుందని తరువాతి కాలంలో తెలిసింది. 1988లో అమెరికాలో అందుకు అధికారికంగా అనుమతి వచ్చింది. మన పెన్షనర్ల ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవారిలో, ఈ మాత్ర వాడుతున్నవారు చాలామందే ఉన్నారు. వారానికి ఒక్కసారి. ఈ ముక్క దగ్గరే నా కథ.

మా అక్కయ్యను కైకలూరు వైపు కొల్లేటి లంక గ్రామంలో ఇచ్చారు. అప్పట్లో ఆ ఊరు కృష్ణా జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పటినుంచి మా ఏలూరు జిల్లా. వేళ్ళు వంకర్లు తిరిగి, పొద్దున్నే చెంబు కూడా పట్టుకోలేకపోతుంటే 2011లో విజయవాడ తీసుకెళ్ళి కీళ్ళ డాక్టరుకు చూపించాను. ఆయన ఏడున్నర మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ మాత్ర సోమవారం ఒక్కటి, మరొక రోజు ఫోలిక్ ఆమ్లం, ఇంకా కాల్షియం, కడుపులో మంటకు ఒకటి వ్రాశారు. సోమవారం మాత్రమే అని నోటితో కూడా చెప్పారు. నేను విన్నాను. చీటీలోనూ ఉంది, ఇంగ్లీషులో, డాక్టర్ల దస్తూరిలో.

అక్కయ్యకు ఇంగ్లీషు రాదు. ఆ రాత్రి ఏలూరులో మా ఇంట్లో కూర్చుని నేను తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, తెలుగులో చక్కగా పట్టిక వ్రాశాను. ఎడమ పక్క మందు పేరు, తరువాత ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. మూడు గడులు. వారం అనే గడి గీయాలని తోచలేదు. మెథోట్రెక్సేట్ ఎదురుగా రాత్రి గడిలో ఒకటి అంకె వేశాను. ముప్పై ఆరేళ్ళు ఫారాలు నింపినవాడిని. గడి లేని సంగతి కాగితం మీదకు ఎక్కదని నాకంటే తెలిసినవాడు ఎవరు? పట్టిక చూసి నేనే ముచ్చటపడ్డాను. మర్నాడు అక్కయ్య బస్సెక్కింది.

మందులషాపులో పది మాత్రల స్ట్రిప్పు మొత్తం ఇచ్చారు. అక్కయ్య నా కాగితం గోడకు అంటించుకుని రోజూ రాత్రి ఒకటి వేసుకుంది. తమ్ముడు వ్రాసిన కాగితం కదా. వారం తిరిగేసరికి నోరంతా పూసింది. వేడి చేసిందని మజ్జిగ, సబ్జాగింజలు ఇచ్చారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన బి కాంప్లెక్సు ఇచ్చాడు. జ్వరం పట్టుకుంది. మంచినీళ్ళు మింగడానికి కూడా ఏడ్చింది. తొమ్మిదో నాడు వేరే పని మీద ఆ వీధికి వచ్చిన ఏ.ఎన్.ఎం. మూలుగు విని లోపలికి వచ్చింది. ఆ అమ్మాయికి ఆ మందు పేరు కూడా తెలియదట. కాని ఆమె అడిగిన ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. నోరు పూయడానికి ముందు కొత్తగా ఏ మందు మొదలుపెట్టారని అడిగింది. డబ్బా తెప్పించి, స్ట్రిప్పు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివి పి.హెచ్.సి. డాక్టరుకు ఫోనులో వినిపించింది. ఎన్ని వేసుకుందో లెక్కపెట్టి చెప్పమన్నాడాయన. పదిలో ఒకటి మిగిలింది.

మందు వెంటనే ఆపి, గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. ఊళ్ళోకి 108 బండి వచ్చే దారి లేదు. వానకు గట్టు మెత్తబడింది. దోనెలో పడుకోబెట్టి రోడ్డు దాకా తెచ్చి, అక్కడినుంచి బండిలో ఏలూరు తెచ్చారు. తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఫోలిక్ ఆమ్లానికి దగ్గర చుట్టం అది, ఈ మందుకు విరుగుడు. వరండాలో కూర్చున్న నాతో ఒక చిన్న డాక్టరుగారు మాటల్లో చెప్పారు, ఈ మందు మన భీమవరం ఆయన చేసిందేనని, విరుగుడుకు మూలమైన ఫోలిక్ ఆమ్లం కూడా ఆయన బృందం తయారు చేసిందేనని. హెట్రజాన్ సంగతి కూడా ఆయన నోటే విన్నాను. ఆ పూట నాకు ఏ గర్వమూ కలగలేదు.

ఎందుకంటే అప్పటికి బావగారు మందులషాపు మీదకు వెళ్ళి వచ్చారు. అక్కడి కుర్రవాడే తప్పు చెప్పాడని కేకలు వేసి, చొక్కా పట్టుకున్నంత పని చేశారట. యజమాని ఆ కుర్రవాణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు. బంధువులంతా అవునంటే అవునన్నారు. నేను కూడా అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. గోడ మీది కాగితం ఎవరి కంటా పడలేదు. ఆ ఒక్క రోజు మౌనం నా సర్వీసు మొత్తంలో, జీవితం మొత్తంలో, నేను చేసిన అన్నిటికంటె నీచమైన పని.

రెండోరోజు పొద్దున్న మేనకోడలిని పంపి ఆ కాగితం తెప్పించి పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఇది నా దస్తూరి అని చెప్పాను. చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన కూర్చోమని, మొదటినుంచి ఏం జరిగిందో వరుసగా చెప్పమని, మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. కాగితానికి జిరాక్సు తీయించుకున్నారు. చీటీ ఇంగ్లీషులో ఉండటం, సోమవారం అనే మాట చిన్నగా ఉండటం, నాలుగు మాత్రల కోసం వచ్చినవారి చేతికి పది ఇవ్వడం, ఇంటికి పోయేముందు రోగి చేత తిరిగి చెప్పించకపోవడం, ఇలా నా కాగితానికి ముందు నాలుగు చోట్ల ఆగిపోవలసిన పొరపాటు ఇదని చెప్పారు. 2004లోనే బ్రిటన్‌లో రోగుల భద్రత చూసే సంస్థ ఈ మందు గురించి హెచ్చరిక జారీ చేసిందట, ఇటువంటి చావులు అక్కడా జరిగాయట. అంత చదువుకున్న దేశంలో కూడా జరిగిందంటే నాకు ఊరట కలిగిందని కాదు. కాని ఆయన నన్ను తిట్టి పంపేస్తే ఆ నాలుగు చోట్లూ అలాగే ఉండేవి, నేను ఇంకెవరికీ చెప్పేవాడిని కాను. ఆ సాయంత్రం బావగారికి చెప్పాను. ఆయన చాలాసేపు నావైపు చూడలేదు. తరువాత ఇద్దరం కలిసి షాపుకు వెళ్ళి ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పుకున్నాం. అతను ఉద్యోగంలో ఉండిపోయాడు.

అక్కయ్య పదిహేను రోజులకు ఇంటికి వచ్చింది. జుట్టు బాగా ఊడింది. కొన్ని నెలల తరువాత కీళ్ళ డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి అదే మందు మళ్ళీ మొదలుపెడతానంటే ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆమె భయపడలేదు. ఆ మందుతోనే ఆమె చెంబు పట్టుకుంది, గరిట పట్టుకుంది. 2019లో వేరే జబ్బుతో పోయేదాకా వాడింది. స్ట్రిప్పులోంచి ఒక్కొక్క మాత్రే కత్తిరించి కోడలు సోమవారం రాత్రి చేతికి ఇచ్చేది. మిగతావి బీరువాలో.

ఆ మాత్ర వాడేవారు అప్పుడప్పుడు రక్తకణాలు, లివరు, క్రియాటినిన్ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. మూత్రపిండాలు మందగించినవారిలో మందు ఒంట్లో నిలవ ఉండిపోతుంది. ఏ కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు ఇది వాడుతున్నామని చెప్పాలి, ఎందుకంటే సెప్ట్రాన్ వంటి మాత్రలు దీనితో కలిస్తే ప్రమాదం. నోరు పూసినా, జ్వరం వచ్చినా మజ్జిగతో సరిపెట్టుకోకూడదు. ఏ మందు వికటించినా తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోను నంబరు ప్రభుత్వం పెట్టింది. రోగి కూడా చేయవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి సెప్టెంబరు 17ను రోగి భద్రతా దినంగా జరుపుతోంది. లంక గ్రామాలవారు ఇప్పుడు సబ్‌సెంటరులో కూర్చుని ఇ-సంజీవని ద్వారా ఎక్కడో ఉన్న డాక్టరుతో మాట్లాడుతున్నారు. దోనె ప్రయాణం తప్పింది, మంచిదే. అయినా తెర మీద డాక్టరు చెప్పినదాన్ని ఇవతల ఎవరో ఒకరు విని వ్రాసుకోవాలి. ఆ మధ్య మా మేనకోడలి ఊరు వెళ్ళినప్పుడు చూశాను. అక్కడి అమ్మాయి డాక్టరుగారు చెప్పినదంతా వ్రాసుకుని, తిరిగి ఆయనకే చదివి వినిపించి, ఆ పైన ముసలాయన చేత మళ్ళీ చెప్పించింది. ఆయన విసుక్కున్నాడు. ఆమె వదల్లేదు.

నా పాత పట్టిక అసలు కాగితం నా దగ్గరే ఉంది, మడతల దగ్గర చిరిగింది. లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో నేను సంఘం ఆఫీసులో పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాను. మందుల చీటీలు అర్థం కానివారు చీటీతోపాటు మాత్రలు కూడా తెచ్చుకోండి. ఏడు వారాల పేర్లున్న కాగితాలు అచ్చు వేయించి ఉంచాను. నేను వ్రాసింది మీరు ఒకసారి నాకు చదివి వినిపించాలి, ఆ కాగితం తీసుకెళ్ళి డాక్టరుగారికో, మందులషాపులోనో చూపించి సరే అనిపించుకోవాలి. అంతవరకు అందులోది ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు.